మెట్లెక్కినవారి జాబితా

మటెలో,
జనవరి 9

తమ్ముడు ఆన్సెల్మ్‌కు,

నీ క్షేమం అడగను. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ప్రభుత్వ సంస్థలో చల్లటి గదిలో కూర్చునేవాడి క్షేమానికేం లోటు? ఇక్కడి సంగతులు రాస్తాను, చదువు. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. కొండ చాటున మాకు సిగ్నల్ రాదు, అదొకటి. ముప్పై ఒక్క ఏళ్ళు పోస్టాఫీసు నడిపినదాన్ని, అది రెండోది. ఫోన్లో అన్న మాట గాలికి పోతుంది. నీలాంటి వాళ్ళతో కాగితమే మంచిది.

నెన్నెన్‌కు కాలు తీసేసి నిన్నటికి పద్నాలుగు నెలలు. మన జ్ఞానతల్లి అయిన పాపానికి, అమ్మ పోయాక మనిద్దరినీ ఇంట్లో పెట్టుకుని, చేపలమ్మి పెంచిన మనిషి ఆవిడ. ఇవాళ వరండాలో వంటింటి కుర్చీలో కూర్చుని పక్కకు కదలాలన్నా నన్ను కేకేస్తోంది. నాకూ అరవై నాలుగు దాటాయి. నా నడుము సంగతి దేవుడికి తెలుసు. ఆదివారం పూజకు పడవవాళ్ళెవరైనా ఖాళీగా దొరికితే ఎత్తుకెళ్తారు, లేకపోతే రేడియోలో వినడమే.

చక్రాల కుర్చీ ఒక్కటి చాలురా. అవి ఇవ్వడానికే పుట్టిన సంస్థ మీది. మీ ప్రాంతీయ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాను. ఒకసారి డాక్టరు ముద్ర లేదన్నారు. ముద్ర వేయించుకెళితే ముద్ర పాతబడిందన్నారు. కొత్త ముద్ర వేయిస్తే ఫారం మారిందన్నారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మా వడ్డించేవాడివి నువ్వే కదరా! మా పళ్ళెం మాత్రం పద్నాలుగు నెలలుగా బోసిగానే ఉంది.

మొన్న పేపర్లో ప్రకటన చూశాను. మీ సంస్థ పనితీరు మీద పార్లమెంటు సంఘం విచారణ చేస్తుందట, ప్రజలెవరైనా రాయవచ్చట. నేను రాస్తున్నాను. ముందుగా చెప్పలేదని తర్వాత అనకు.

అక్క,
ఎర్మీన్


పోర్ట్ ఆఫ్ స్పెయిన్,
జనవరి 17

అక్కయ్యకు,

నీ ఉత్తరం అందింది. కొట్టినట్టు రాయడం నీకు కొత్త కాదు, పడడం నాకూ కొత్త కాదు.

నెన్నెన్ మీద నాకు ప్రేమ లేదనుకుంటున్నావా? ఆవిడ నంబరు నేను చూడలేదనుకుంటున్నావా? జాబితాలో ఆవిడది రెండువందల పదమూడో నంబరు. ఆ పేరును నేను పైకి జరిపితే ఇంకొకరి నెన్నెన్ కిందికి జారుతుంది. పోస్టాఫీసులో నీ మొగుడే వరస తప్పి ముందుకొస్తే అందరి ముందూ చెవి పట్టుకుని వెనక్కి పంపావు. నాకు వరస నేర్పింది నువ్వే. ఇప్పుడు వరసలో నిలబడ్డందుకు తిట్టేదీ నువ్వే.

ఇక ఆ విచారణ. అది ఎవరి నెత్తిన పడిందో తెలుసా? నా నెత్తినే. అధ్యక్షురాలు ఏమడుగుతుందో ఊహించి, ప్రతి ప్రశ్నకూ జవాబు రాసి, నీలం ఫైలు ఒకటి తయారు చెయ్యాలి. మా డైరెక్టర్ గోకూల్ గారు ముందు వరసలో కూర్చుంటారు, నేను వెనక. ఆయన తడబడితే వెనక నుంచి చీటీ అందించాలి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నా ఉద్యోగం సారాంశం ఆ చీటీలే.

రాయవద్దని నేననను. రాయకపోతే నీకు నిద్ర పట్టదు. అయితే పంపేది ఏమిటో నాకూ ఒక నకలు పంపు. పార్లమెంటుకు వెళ్ళే కాగితం కదా, భాష కాస్త దిద్దుతాను. నెన్నెన్‌కు నా ముద్దులు. ఇంకో రెండేళ్ళలో రిటైరై వచ్చేస్తానని చెప్పు.

తమ్ముడు,
ఆన్సెల్మ్


మటెలో,
ఫిబ్రవరి 2

ఆన్సెల్మ్,

ఇదిగో నకలు. అసలు నిన్ననే పంపేశాను, నీ దిద్దుబాటు కోసం పార్లమెంటు ఆగదు. అయినా చదివి చెప్పు, ఎక్కడైనా బూతు దొర్లిందేమో. నెన్నెన్ చెప్పింది చెప్పినట్టు రాసి, రెండు మాటలు మాత్రం నేనే కొట్టేశాను.

అందులో మెట్ల సంగతి చదివాక నీకే సిగ్గేస్తుంది. కుర్చీ కొలతకు మనిషి స్వయంగా రావాలన్నారు కదా. సరే, తీసుకెళ్ళాం. తీరా చూస్తే కొలిచే గది మేడ మీద! ఇరవై రెండు మెట్లు. కాలు లేని మనిషికి చక్రాల కుర్చీ కొలవడానికి మేడ మీద గది పెట్టిన మహానుభావుడెవడో గానీ, వాడి బుర్రకు దండం పెట్టాలి. ఫాదర్‌గారి డ్రైవరు, ఇద్దరు పడవవాళ్ళు, గేటు దగ్గర కాపలా ఆయన, నలుగురూ కలిసి సెయింట్ పీటర్ పండుగనాడు విగ్రహాన్ని పడవలోకి ఎక్కించినట్టు నెన్నెన్‌ను కుర్చీతో సహా పైకెత్తారు. ఆవిడ దారిపొడుగునా కళ్ళు మూసుకుని జపమాల తిప్పింది.

పైన బల్ల వెనక కూర్చున్నవాడు తలెత్తలేదు. “పేరు?” అన్నాడు. “క్లోటిల్” అంది. గీతలు గీసి, టిక్కులు పెట్టి, “సరే, వెళ్ళండి” అన్నాడు. ఏం రాశాడో నేను చూశాను. కౌంటరు అవతలి కవర్లు తలకిందులుగా చదివీ చదివీ నాకది అలవాటే. “దరఖాస్తుదారు పై అంతస్తుకు హాజరయ్యారు. కదలిక తృప్తికరం.” తృప్తికరమట! నలుగురు మగవాళ్ళు చెమటలు కక్కుకుంటూ పక్కనే నిలబడి ఉన్నారురా.

ఇంకొకటి ఆ కాగితంలో రాయలేదు, ఊపులో మరిచిపోయాను. మన పక్క ఊరు గ్రాండ్ రివియేర్ నుంచి తియోఫిల్ వచ్చాడు ఆ రోజు. నీకు ఈత నేర్పిన తియోఫిల్. రెండు మోకాళ్ళూ పోయాయి. ఎత్తేవాళ్ళు లేక మెట్ల కింద కూర్చుని, “నేనూ వచ్చానయ్యా! కిందికి రండి!” అని పైకి అరుస్తూనే ఉన్నాడు. పొద్దున ఎనిమిది నుంచి మూడింటి దాకా ఆ అడుగు మెట్టు మీదే ఉన్నాడు. ఎవరూ దిగలేదు. నెన్నెన్‌ను దించాక మా వాళ్ళు ఎత్తుతామంటే అప్పటికే తలుపులు మూసేశారు.

భాష దిద్దడం తర్వాత, ముందు ఇది చదివి నాలుగు మాటలు రాయి.

ఎర్మీన్


పోర్ట్ ఆఫ్ స్పెయిన్,
ఫిబ్రవరి 19

అక్కయ్యకు,

నువ్వు పంపింది చదివాను. భాషలో దిద్దాల్సిందేమీ లేదు.

శనివారం ఇల్లు కదలకండి. నేనే జీపులో వస్తున్నాను. నెన్నెన్‌కు కుర్చీ తెస్తున్నాను, కొత్తది, మడతపెట్టేది. ఎలా అని అడగవద్దు. నాలుగింటికల్లా తిరిగి బయల్దేరాలి, మార్చి నాలుగున విచారణ, నీలం ఫైలు ఇంకా సగంలో ఉంది. సొరచేప వేపుడూ, బేక్ రొట్టే ఉంటే చాలు.

ఆన్సెల్మ్


మటెలో,
మార్చి 1

నా బంగారు తమ్ముడికి,

నిన్న కాక మొన్న నిన్ను నానా మాటలూ అన్న నోరే ఇది. నా నోటికి దేవుడు తాళం మరిచిపోయాడని నెన్నెన్ ఊరికే అనదు. మనసులో పెట్టుకోకు.

నువ్వు వెళ్ళాక ఏం జరిగిందో విను. ఆదివారం పూజకు తనే చక్రాలు తోసుకుంటూ వెళ్ళింది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అక్కడి నుంచి ఇంటికి రాకుండా తిన్నగా పడవల రేవుకు దిగింది. పదిహేను నెలల తర్వాత సముద్రం చూసింది! అక్కడ కింగ్‌ఫిష్ బేరమాడి, కుర్రకారును తిట్టిపోసి, రెండు చేపలు ఒడిలో పెట్టుకుని వచ్చింది. “ఎర్మీన్, నా కొడుకు నన్ను రేవుకు పంపాడే” అని ముసిముసిగా నవ్వుతూనే ఉంది. సాయంత్రం నేను వంటింట్లో కూర్చుని కాసేపు ఏడ్చాను. ఊరికే, సంతోషానికే.

కోకో ఉండలు ఒక డజను, కసావా రొట్టె రెండు బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను. నాలుగో తేదీన మేమంతా మదాం ఉర్సూల్ కొట్లో టీవీ ముందుంటాం. నువ్వు కనిపిస్తావని నెన్నెన్ తెల్ల టోపీ ఇస్త్రీ చేయించుకుంది.

ప్రేమతో,
ఎర్మీన్


మటెలో,
మార్చి 5

ఆన్సెల్మ్,

చూశాం. ఊరంతా చూసింది.

అధ్యక్షురాలు నా కాగితం చదివినప్పుడు కొట్లో ఈగ కూడా కదల్లేదు. ఇరవై రెండు మెట్లూ చదివింది. “తృప్తికరం” దగ్గర ఆగి, కళ్ళద్దాలు తీసి, మీ డైరెక్టర్ వంక చూసింది. ఆయన నీళ్ళు నమిలాడు. అప్పుడు వెనక నీలం టై కట్టుకుని కూర్చున్న నువ్వు వంగావు. ఎడం చేత్తో చీటీ అందించావు. ఆయన అది చదివి చిరునవ్వు నవ్వాడు!

“అధ్యక్షా, ఈ కేసు ఇప్పటికే పరిష్కారమైంది. ఆ పెద్దావిడకు కుర్చీ ఇంటికే చేర్చాం. మా వ్యవస్థ పనిచేస్తోందనడానికి ఇంతకన్నా నిదర్శనమేముంది? ఈ రోజుకు మా దగ్గర అత్యవసరమైన కేసు ఒక్కటి కూడా పెండింగులో లేదు.”

ఒక్కటి కూడా లేదట. అధ్యక్షురాలు ఏం చేస్తుంది, మూడు వారాల్లో లిఖితపూర్వకంగా వివరాలివ్వమని తర్వాతి ప్రశ్నకు వెళ్ళింది.

భాష దిద్దుతానని నకలు అడిగావు. దిద్దావురా తమ్ముడూ, బ్రహ్మాండంగా దిద్దావు. వరస వరస అని నాకు పాఠం చెప్పినవాడివి, ప్రేమ కోసం వరస తప్పలేదు గానీ, మీ డైరెక్టర్ పరువు కోసం తప్పావు. నేను కోకో ఉండలు పంపాను! నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి.

కొట్లో అందరూ నెన్నెన్‌నే చూస్తున్నారు. ఆ కుర్చీలోనే కూర్చుని ఉంది మరి. నన్ను అడిగింది, “మరి మిగతా రెండువందల పన్నెండు మందీ ఏమయ్యారే?” అని. నాకు తెలియదన్నాను. నీకు తెలుసు కాబట్టి ఆవిడ ప్రశ్న నీకు పంపుతున్నాను.

ఎర్మీన్


పోర్ట్ ఆఫ్ స్పెయిన్,
మార్చి 9

అక్కా,

ఏం చెయ్యమంటావు నన్ను? కుర్చీ కావాలన్నావు, వచ్చింది. తెచ్చినవాడి మొహాన ఉమ్మేస్తున్నావు. నీ నకలు డైరెక్టర్‌కు చూపించింది నేనే. “ఆవిడకు శనివారం లోపు కుర్చీ చేరాలి” అన్నాడాయన. కాదనాలా నేను? నెన్నెన్ రేవుకు వెళ్ళవద్దు, నాకు నియమం ముఖ్యం అనాలా? నాకు ఏడాదీ పదకొండు నెలల సర్వీసుంది. నువ్వు కౌంటరు వెనక రాణిలా కూర్చున్నావు, నీ నెత్తిన డైరెక్టర్ లేడు.

ఈ పై మాటలు నిన్న రాశాను. కొట్టేద్దామనుకుని కొట్టెయ్యలేదు, అవీ నావే కాబట్టి.

ఇవాళ ఇంకో సంగతి రాయాలి. నీ ఉత్తరం చదివాక ఆ రెండువందల పన్నెండు ఫైళ్ళూ స్టోరు నుంచి తెప్పించాను. రెండు రోజులుగా అవే చదువుతున్నాను. అందరి ఫైళ్ళలోనూ అదే ముక్క: పై అంతస్తుకు హాజరయ్యారు, కదలిక తృప్తికరం. హాజరైనవాళ్ళందరూ నడవగలిగినవాళ్ళ కింద జమ, అందుకే వరసలో చివరికి పోయారు. ఇక హాజరు కానివాళ్ళ ఫైలు ఆ రోజే మూసేస్తారు. మూసినవి ఏడాది తిరక్కుండా చింపేస్తారు. మెట్లెక్కినవాడికి అవసరం లేదు, ఎక్కలేనివాడు రాలేదు. అత్యవసరమైన కేసు ఒక్కటీ లేదని డైరెక్టర్ అన్నది అబద్ధం కాదక్కా. కాగితం మీద నిజంగానే ఒక్కటీ లేదు.

ఆ ఫారం రాసింది నేనే.

తొమ్మిదేళ్ళయింది. అప్పుడు ప్రాంతీయ ఆఫీసు కింది అంతస్తులో ఉండేది. ఒంటరిగా రాగలిగేవాళ్ళనూ రాలేనివాళ్ళనూ వేరుచేయడానికి “హాజరు” గడి పెట్టాను. బాగుందని మెచ్చుకున్నారు కూడా. తర్వాత వరదకు భయపడి ఆఫీసును మేడెక్కించారు. “హాజరయ్యారు” ముందు ఎవరో “పై అంతస్తుకు” అని చేర్చారు. గడి మాత్రం అలాగే ఉంది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో కూర్చున్న నాకు నీ నకలు చదివే దాకా మెట్లున్నాయనే తెలియదు. నువ్వు దండం పెట్టమన్న బుర్ర ఇదే.

ఆన్సెల్మ్


మటెలో,
మార్చి 14

ఆన్సెల్మ్,

నీ ఉత్తరం నెన్నెన్‌కు చదివి వినిపించాను. ఫారం ముక్క దగ్గర ఆపుదామనుకున్నాను, ఆవిడ ఆపనివ్వలేదు. విని, “వాడు చిన్నప్పుడూ ఇంతే. కుండ పగలగొట్టి ఏడుస్తూ కూర్చుంటాడు గానీ, పెంకులు ఏరడు” అంది.

నేనూ అదే అంటున్నాను. ఏడుపు నాకెందుకు పంపుతావు? నేనేం చేసుకోను దాన్ని? మూడు వారాల్లో లిఖితపూర్వకంగా జవాబివ్వమన్నారుగా, అది రాసేది నువ్వే కదా. అక్కడ రాయి.

తియోఫిల్‌కు బాగాలేదు. మంచం మీదే ఉన్నాడు, పక్క పుండ్లు పడ్డాయి. నెన్నెన్ కుర్చీ నాలుగు రోజులకోసారి చేపల ట్రక్కులో అక్కడికి పంపుతున్నాం, కాసేపైనా కూర్చుంటాడని. నిన్న వాకిట్లో కూర్చుని నీ సంగతి అడిగాడు, “ఆ మునిగిపోయే పిల్లాడు ఎలా ఉన్నాడు?” అని.

ఎర్మీన్


పోర్ట్ ఆఫ్ స్పెయిన్,
మార్చి 26

అక్కా,

ఈసారి నకలు నేను పంపుతున్నాను. పద్నాలుగు పేజీలు.

నియమం ఒకటుంది. సంఘానికి పంపిన కాగితం వాళ్ళు ప్రచురించే దాకా మూడోవాళ్ళకు చూపించకూడదు. ఆ నియమం నీకు చెప్పకుండానే నీ నకలు అడిగాను. ఇప్పుడు చెప్పి మరీ నాది పంపుతున్నాను.

అన్నీ రాశాను. మెట్లు, గడి, అది పెట్టినవాడి పేరు, మూసిన ఫైళ్ళు, రెండువందల పన్నెండు మంది నంబర్లూ ఊళ్ళూ. నెన్నెన్‌కు కుర్చీ ఎందుకు, ఏ రోజున, ఎవరు చెబితే వెళ్ళిందో అదీ రాశాను. సంస్థ జవాబుగా పంపమని డైరెక్టర్ ముందు పెట్టాను. మూడు పేజీలు చదివి, తలుపు వెయ్యమన్నాడు.

“ఆన్సెల్మ్, పిచ్చి పట్టిందా నీకు? ఇంకెంత, రెండేళ్ళు. కళ్ళు మూసుకుంటే గడిచిపోతాయి.”

“కళ్ళు మూసుకునే తొమ్మిదేళ్ళు గడిపాను సార్” అన్నాను. ఇంత మాట నా నోట ఎలా వచ్చిందో తెలియదు. ధీరుణ్ణనుకోకు.

ఆయన అరపేజీ జవాబు పంపాడు, అత్యవసరమైన కేసులు లేవని. నేను నా పద్నాలుగు పేజీలూ నీలాగే మామూలు మనిషిగా, ఇంటి చిరునామా నుంచి, ఇరవై ఐదో తేదీ వేసి నా చేత్తోనే ఇచ్చివచ్చాను. ఆ సాయంత్రానికే నా బల్ల మీది ఫైళ్ళన్నీ పట్టుకుపోయారు. ఇవాళ రోజంతా ఖాళీ బల్ల ముందు కూర్చున్నాను. క్యాంటీన్లో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇందాక సంఘం కార్యదర్శి నుంచి ఫోనొచ్చింది. ఏప్రిల్ పదిహేనున నన్ను సాక్షిగా రమ్మంటున్నారు, ముందు వరసలో.

ఎప్పుడూ వెనక కూర్చున్నవాణ్ణి. నేను తడబడితే నాకు చీటీ ఎవరందిస్తారు, చెప్పు?

భాష దిద్ది పంపు.

ఆన్సెల్మ్


మటెలో,
ఏప్రిల్ 2

ఆన్సెల్మ్,

పద్నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. నెన్నెన్ ఒకసారి విని, తెల్ల టోపీ మళ్ళీ ఇస్త్రీకి ఇచ్చింది. పదిహేనున చేపల ట్రక్కులో వస్తున్నాం. వెనక వరసలో చక్రాల కుర్చీకి చోటుంటుందో లేదో కార్యదర్శిని అడుగు. అక్కడా మెట్లుంటే మాత్రం ఊరుకోను.

భాష బాగానే ఉంది. తప్పు వేరే చోట ఉంది. నీ జాబితా అంతా మెట్లెక్కినవాళ్ళదే. ఎక్కలేనివాళ్ళ లెక్క లేదని, కాగితాలు చింపేశారని రాశావు. కాగితాలు చింపితే మనుషులు పోతారా? ముప్పై ఒక్క ఏళ్ళు ఈ తీరంలో ఉత్తరాలు పంచాను. ఏ ఇంట్లో ఎవరు కౌంటరుకు రాలేక పక్కింటివాళ్ళను పంపేవారో, ఏ గుమ్మంలో సంతకానికి నేనే లోపలికెళ్ళాల్సి వచ్చేదో నాకు తెలుసు. రెండు రోజులు ఊళ్ళు తిరిగి అడిగాను. తొమ్మిది మంది తేలారు. ఆఖరి పేజీ వెనక ఎర్ర సిరాతో పేర్లు రాశాను. చీటీ ఎవరందిస్తారని అడిగావుగా, ఇదే నీ చీటీ. తడబడకుండా చదువు. పైకి, గట్టిగా.

మొదటి పేరు తియోఫిల్‌ది. సోమవారం పొద్దున పోయాడు. నిన్ననే మట్టి చేశాం. పడవవాళ్ళు ఆరుగురు ఎత్తుకెళ్ళారు. ఎత్తేవాళ్ళు ఇప్పుడు దొరికారు చూడు.

చనిపోయినవాడి పేరు విచారణలో ఎందుకని మీ డైరెక్టర్ అంటాడు, నువ్వూ అనుకుంటావేమో. ఆ రోజు ఎనిమిది నుంచి మూడింటి దాకా ఆయన ఆ అడుగు మెట్టు మీదే ఉన్నాడు. నేను చూశాను. అందుకే ఆయన పేరు పక్కన “హాజరయ్యారు” అని రాశాను. మిగతా ఏదైనా దిద్దుకో. అది మాత్రం దిద్దకు.

అక్క,
ఎర్మీన్